‘ఆపండి’ అనేదెవరు?

హైటెక్‌ సిటీ పేరు చెప్పగానే సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. 1998 నవంబరులో సైబర్‌ టవర్స్‌ మొదలైనప్పటి నుంచీ అంతే. కానీ మాదాపూర్‌, గచ్చిబౌలి, రాయదుర్గం అద్దాల మేడల్లో పేర్ల బోర్డులు కాస్త ఓపిగ్గా చదివితే కోడ్‌ రాసే కంపెనీల మధ్య మందుల కంపెనీలూ, రసాయనాల కంపెనీలూ కనిపిస్తాయి. దివీస్‌ ప్రధాన కార్యాలయం గచ్చిబౌలిలో ఉంటే దాని ప్లాంట్లు చౌటుప్పల్‌ దగ్గర లింగోజిగూడెంలోనూ, విశాఖ తీరాన చిప్పాడలోనూ ఉన్నాయి. అరబిందో కార్యాలయం రాయదుర్గంలో... ప్లాంట్లు అటు పటాన్‌చెరు వైపు నుంచి ఇటు పైడిభీమవరం దాకా! ఈ రంగంలో ఇది మామూలే. లెక్కలు మేడ మీద, సరుకు తయారీ ఊరి బయట.

మేడ మీద సమావేశంలో మాట్లాడుకునేది ఈ నెల ఎన్ని టన్నులు, ఏ తేదీకి ఓడ ఎక్కాలి అని. అక్కడ రియాక్టర్‌ పక్కన నిలబడేది మాత్రం ఒక షిఫ్టు కెమిస్టు, ఇద్దరు హెల్పర్లు. రాత్రి రెండు గంటలైంది అనుకుందాం. ఉష్ణోగ్రత ఉండాల్సిన దానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. మీటరు తప్పు చూపిస్తోందా, లోపల నిజంగానే వేడెక్కుతోందా తెలియదు. ఆపితే లక్షల రూపాయల బ్యాచ్‌ పాడైపోవచ్చు. ఆపకపోతే ఏమీ కాకపోవచ్చు... ఏదైనా కావచ్చు. ఆ కుర్రాడు ఎవరిని అడగాలి? అసలు అడగాలా, తనే ఆపేయొచ్చా?

ప్రతి రసాయన కంపెనీలోనూ ఈహెచ్‌ఎస్‌ అని ఒక విభాగం ఉంటుంది. పర్యావరణం, ఆరోగ్యం, భద్రత... మూడూ దాని బాధ్యతే. అల్మరాల నిండా ఫైళ్లు, గోడల నిండా పోస్టర్లు ఉంటాయి. అవన్నీ అవసరమే. కానీ ఆ విభాగం ఎంత గట్టిదో తెలియాలంటే ఫైళ్లు తిరగేయక్కర్లేదు. రాత్రి రెండు గంటలకు ‘ఆపండి’ అనే హక్కు ఎవరికి ఉందో, అన్నవాడికి తెల్లారాక ఏమవుతుందో కనుక్కుంటే చాలు.

గుండిగలో వేడి

ఇంట్లో చిన్న గిన్నెలో కాచిన సాంబారు దించాక కాసేపటికే గోరువెచ్చగా అయిపోతుంది. అదే పెళ్లింట్లో గుండిగ నిండా కాస్తే, రెండు బంతులు లేచినా పొగలు కక్కుతూనే ఉంటుంది. ఎందుకంటే పాత్ర పెరిగేకొద్దీ లోపలి సరుకు పెరిగినంతగా బయటి గోడ పెరగదు. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపు చేస్తే గోడ వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. లోపల పట్టే సరుకు ఎనిమిది రెట్లవుతుంది. వేడి పుట్టేది సరుకులో... బయటికి పోవాల్సింది గోడల్లోంచి!

రసాయన కర్మాగారంలో తంటా అంతా ఇక్కడే. చాలా చర్యల్లో వేడి తనంతట తనే పుడుతుంది. ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో బుద్ధిగా జరిగిన చర్య 5,000 లీటర్ల రియాక్టర్‌లో అంతే బుద్ధిగా ఉంటుందన్న హామీ లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపు అవుతుందనేది స్థూలమైన లెక్క. వేగం పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే వేగం ఇంకా పెరుగుతుంది. రియాక్టర్‌ చుట్టూ తిరిగే చల్లటి నీళ్లు పట్టుకెళ్లే వేడి మాత్రం అంత జోరుగా పెరగదు. ఒక హద్దు దాటాక చల్లదనం ఓడిపోతుంది. దీన్నే ‘రన్‌అవే రియాక్షన్‌’ అంటారు. పగ్గాలు తెంచుకున్న గిత్తలాంటిదన్నమాట.

అందుకే ‘ఆపండి’ అన్న మాట ముందే రావాలి. హద్దు దాటాక వస్తే ఉపయోగం లేదు. దాటకముందే అంటే... అప్పటికి ఏమీ జరిగి ఉండదు! పొగ లేదు, మంట లేదు, వాసన లేదు. ఆపినవాడు పిరికివాడిలా కనిపిస్తాడు. పోయిన సరుకు లెక్క తెల్లారేసరికి తేలుతుంది. దక్కిన ప్రాణాల లెక్క ఎప్పటికీ తేలదు. ఈ పనిలో ఉన్న కష్టమంతా అదే.

ఎవరూ నొక్కని సైరన్‌

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌ఆర్‌ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్‌ ట్యాంకు నుంచి స్టైరీన్‌ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే కుప్పకూలిన దృశ్యాలు తెలుగునాట ఎవరూ మరిచిపోలేదు.

స్టైరీన్‌ను ఊరికే నిల్వ ఉంచినా దానిలోని అణువులు గొలుసుల్లా కలిసిపోతూ వేడి పుట్టిస్తాయి. చల్లగా ఉంచాలి, గొలుసుకట్టును అడ్డుకునే రసాయనం తగినంత కలపాలి. లాక్‌డౌన్‌తో ఉత్పత్తి నిలిచిపోయింది కానీ ట్యాంకులో స్టైరీన్‌ పనిచేస్తూనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. చల్లబరిచే వ్యవస్థను ఇరవై నాలుగ్గంటలూ నడపలేదని, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉందని, పై పొరల్లో వేడి పెరిగిన సంగతి అందుకే తెలియలేదని తేల్చింది. 2019 డిసెంబరులో గొట్టాల అమరికలో చేసిన మార్పు వల్ల ట్యాంకులో స్టైరీన్‌ సరిగా కలియకుండా పోయిందనీ చెప్పింది. అన్నిటికంటే కలచివేసే విషయం ఇంకొకటి. సైరన్‌ మోగించడానికి ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటుంది. ఒక్కటీ నొక్కలేదు!

మీటలు లేక కాదు మరి. మీట ఉండటం వేరు, దాన్ని నొక్కే అలవాటూ ధైర్యమూ మనుషులకు ఉండటం వేరు. మొదటిది డబ్బుతో కొనొచ్చు. రెండోదాన్ని ఏళ్ల తరబడి పెంచాలి.

భోపాల్‌ చెప్పిన పాఠమూ ఇలాంటిదే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్‌ కార్బైడ్‌ ట్యాంకులోకి నీళ్లు చేరేనాటికి, విషవాయువును చల్లగా ఉంచాల్సిన యంత్రం నెలల ముందే ఆగిపోయి ఉంది. వాయువును కాల్చేయాల్సిన గొట్టం మరమ్మతు కోసం విడదీసి ఉంది. రక్షణలు ఒక్కొక్కటిగా పక్కకు తప్పుకొంటున్నప్పుడు ప్లాంటు ఆపాలన్న మాట గెలవలేదు. వేలమంది ప్రాణాలు పోయాయి.

గొట్టం మార్పు మాటకొస్తే రసాయన ఇంజినీర్లంతా చదువుకునే ఉదంతం ఒకటుంది. ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో ఆరు రియాక్టర్లు వరసగా ఉండేవి. అయిదోదానికి పగులు వచ్చింది. దాన్ని తీసేసి నాలుగో రియాక్టర్‌నూ ఆరోదాన్నీ ఒక తాత్కాలిక గొట్టంతో కలిపారు. సరైన డ్రాయింగ్‌ లేదు, లెక్క కట్టలేదు. ఉత్పత్తి మాత్రం ఆగలేదు. 1974 జూన్‌ 1న ఆ గొట్టం తెగింది. పేలుడులో 28 మంది చనిపోయారు. చిన్న మార్పు చేయాలన్నా ముందు కాగితం మీద రాసి, నలుగురు చూసి, సంతకం పెట్టాకే చేయాలన్న నియమానికి ఇలాంటి ప్రమాదాలే పునాది. అన్ని పెద్ద కంపెనీల్లోనూ ఇప్పుడు దానికి ఒక ఫారం ఉంది. పని మొదలుపెట్టాక పూర్తిచేసే ఫారమా, పూర్తయ్యాకే పని మొదలుపెట్టే ఫారమా అన్నదే తేడా.

పిండీ పేలుతుంది!

సైబరాబాద్‌ మేడల నుంచి గంట ప్రయాణంలో పాశమైలారం పారిశ్రామికవాడ ఉంటుంది. 2025 జూన్‌ 30 ఉదయం అక్కడి సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. భవనం కుప్పకూలింది. 54 మంది బలయ్యారు. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు.

అక్కడ తయారయ్యేది విషమేమీ కాదు. మైక్రోక్రిస్టలైన్‌ సెల్యులోజ్‌... చెక్క గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. మాత్రలు పొడిపొడిగా రాలిపోకుండా పట్టి ఉంచేది అదే. మనం వేసుకునే మందుబిళ్లలతో పాటు రోజూ కడుపులోకి పోతూనే ఉంటుంది. అలాంటిది ఎలా ప్రమాదం అనిపిస్తుంది. శనగపిండి డబ్బాలో ఉన్నంతసేపూ పిండే. అదే మూసిన గదిలో, గాలి నిండా సన్నగా లేచి ఉన్నప్పుడు ఒక నిప్పురవ్వ తగిలితే ప్రతి రేణువూ ఒకేసారి మండుతుంది. సెల్యులోజ్‌, చక్కెర, గోధుమపిండి ఏదైనా అంతే. కాబట్టి ఇలాంటి పొడి తయారుచేసే చోట చీపురు, దుమ్ము పీల్చే యంత్రం కూడా భద్రతా సాధనాలే. దూలాల మీద పేరుకున్న దుమ్మును ‘తర్వాత తుడుద్దాం’ అనుకోవడం అంటే మందుగుండు దాచిపెట్టుకోవడమే.

అంతకు పది నెలల ముందు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ప్లాంటులో 17 మంది చనిపోయారు. మధ్యాహ్న భోజన వేళ అది. ఎంటీబీఈ అనే ద్రావకం గొట్టంలోంచి కారి, ఆవిరై, విద్యుత్‌ పరికరాల దగ్గర అంటుకుందని అధికారులు అప్పట్లో చెప్పారు. ద్రావకం కారడం మొదలవడానికీ, నిప్పు అంటుకోవడానికీ మధ్య ఉండే కాస్త వ్యవధే ‘ఆపండి’ అనడానికి దొరికే సమయం. గ్యాస్‌ను పసిగట్టే పరికరం, దానంతట అదే మూసుకునే వాల్వు, ఖాళీ చేయమని చెప్పే సైరన్‌... ఇవన్నీ ఆ కాస్త సమయాన్ని వాడుకోవడానికి కనిపెట్టినవే.

సున్నాల బోర్డు

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని. ఆ అంకె పెరుగుతుంటే అందరికీ సంతోషమే. మేడ మీది సమావేశంలోనూ ముందు చూపించేది దాన్నే. కానీ ఆ అంకె ఎక్కువగా చెప్పేది కాలు జారడం, వేలు నలగడం లాంటి సంగతుల గురించి. రియాక్టర్‌ పేలే ముప్పు అందులో కనిపించదు.

అమెరికాలోని టెక్సస్‌ సిటీలో బీపీ చమురు శుద్ధి కర్మాగారం పేలి 2005 మార్చి 23న 15 మంది చనిపోయారు. ఆ తర్వాత జేమ్స్‌ బేకర్‌ నాయకత్వంలోని బృందం విచారించి 2007లో నివేదిక ఇచ్చింది. గాయాల లెక్క తగ్గుతుంటే అంతా క్షేమమని కంపెనీ నమ్మిందని, ప్లాంటు అసలు ముప్పును ఆ లెక్క కప్పేసిందని అందులో ఉంది. హెల్మెట్‌ పెట్టుకోవడం ఒక భద్రత. ట్యాంకు పొంగకుండా చూడటం వేరే భద్రత. మొదటిది కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దానికే బహుమతులు వస్తాయి.

పైగా అంకె మీద మోజు ఎక్కువైతే ఇంకో చిక్కు. చిన్న దెబ్బ తగిలినవాడు చెప్పడు. కొద్దిలో తప్పిన ప్రమాదాన్ని ఎవరూ రాయరు. ఏడాదిలో ‘త్రుటిలో తప్పినవి’ ఒక్కటీ నమోదు కాలేదంటే ఆ ఫ్యాక్టరీలో అంతా భద్రమని మురిసిపోకూడదు. నోరు విప్పడానికి జనం భయపడుతున్నారేమోనని అనుమానించాలి.

ట్యాంకు నిండితే?

భద్రత, పర్యావరణం ఒకే విభాగం కింద ఎందుకున్నాయని కొందరికి సందేహం. రెండింటికీ ప్రశ్న ఒకటే. వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటు పట్టగలిగినంత నిండిపోయింది. తయారీ నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఏది ఆపాలి? ఉత్పత్తి ఆపితే నష్టం కంపెనీది. ఆపకపోతే నీళ్లు ఎటో పోవాలి... వాగు ఎదురు చెప్పదు కదా!

పటాన్‌చెరు దగ్గర నక్కవాగు అలాగే చెడిపోయింది. చుట్టుపక్కల రైతుల బావులు, పొలాలు పాడయ్యాయి. స్థానిక వైద్యుడు డాక్టర్‌ అల్లాని కిషన్‌రావు జనాన్ని కూడగట్టారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. రైతులకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. అన్ని ఫ్యాక్టరీల నీళ్లనూ కలిపి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది. అయినా కథ ముగియలేదు. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు చేరే ఆ కేంద్రంలో, శుద్ధి తర్వాత బయటికొచ్చే నీటిని స్వీడన్‌ శాస్త్రవేత్త యోకిమ్‌ లార్సన్‌ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్‌ ఉన్నట్టు 2007లో ప్రకటించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ! మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుందని ప్రపంచమంతా చర్చ జరిగింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం చేరింది.

ముందే ఆపిన ఉదాహరణ కూడా సైబరాబాద్‌ పొలిమేరలోనే ఉంది. హిమాయత్‌సాగర్‌ పరీవాహక ప్రాంతంలో, శంషాబాద్‌ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోతే కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని లేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత పరిశ్రమదేనని 1999లో న్యాయస్థానం చెప్పింది. హాని జరిగాక రుజువులు వెతకడం కంటే అనుమానం ఉన్నప్పుడే ఆగడం మేలన్నది ఆ తీర్పు సారం. రాత్రి షిఫ్టు కెమిస్టుకు కావాల్సిన సూత్రమూ అదే!

డైరెక్టరు గారూ... మీరే!

‘ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో మేడ మీదున్న మాకేం తెలుసు’ అనే మాట చట్టం ముందు చెల్లదు. భోపాల్‌ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు కంపెనీ డైరెక్టర్లలో ఒకరే ఫ్యాక్టరీకి బాధ్యుడని తేల్చారు. మేనేజరు మీదికి నెట్టేసి తప్పుకోకుండా అన్నమాట. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ ఏర్పాటు కొనసాగుతోంది.

అదే 1987 సవరణలో కార్మికుడికి ఒక హక్కు కూడా వచ్చింది. ప్రమాదం ముంచుకొస్తోందని తగిన అనుమానం ఉంటే ప్రమాదకర పరిశ్రమలో పనిచేసేవాళ్లు యాజమాన్యానికి నేరుగా గానీ, భద్రతా కమిటీ ద్వారా గానీ చెప్పొచ్చు. ఇన్‌స్పెక్టర్‌కూ తెలపొచ్చు. యాజమాన్యం వెంటనే స్పందించి తీరాలి. కొత్త కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. ఇదంతా ఇంగ్లిషులో, హిందీలో అచ్చయి ఉంది. కానీ కాంట్రాక్టరు తీసుకొచ్చిన హెల్పరుకు ఎవరు చెప్పారు? పాశమైలారం మృతుల్లో ఎక్కువమంది బిహార్‌, ఒడిశా, ఉత్తర్‌ప్రదేశ్‌ లాంటి రాష్ట్రాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లే. ఏ రోజు కూలి ఆ రోజుదైనవాడు, రేపు పనిలో ఉంటాడో లేదో తెలియనివాడు లక్షల బ్యాచ్‌ను ఆపమని అంటాడా? హక్కు కాగితం మీద అందరికీ ఒకటే. నోరు మాత్రం అందరికీ ఒకేలా పెగలదు.

చేరేముందు అడగండి

ఏటా వేల మంది బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీటెక్‌ కుర్రాళ్లు ఈ ఫ్యాక్టరీల్లో చేరుతుంటారు. జీతం, క్యాంటీన్‌, బస్సు గురించి అడుగుతారు. వాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇంకొన్ని అడిగితే మంచిది.

* నేను పనిచేసే రసాయనాల ప్రమాద వివరాలు నాకు తెలిసిన భాషలో ఇస్తారా?

* ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం దాటితే ఎవరినీ అడక్కుండా ఆపేయాలో రాసి పెట్టారా?

* రాత్రి షిఫ్టులో నిర్ణయం తీసుకునే అధికారి ప్లాంటులో ఉంటారా, ఫోన్‌లో ఉంటారా?

* ఖాళీ చేసి బయటికి పరుగెత్తే అభ్యాసం చివరిసారి ఎప్పుడు చేశారు? కాంట్రాక్టు వాళ్లనూ కలిపి చేశారా?

* పోయిన ఏడాది ఎవరైనా బ్యాచ్‌ ఆపారా? ఆపినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే మిగతా అన్నిటి జవాబులూ ఉంటాయి. ఆ మనిషి అదే ఉద్యోగంలో, అదే మర్యాదతో ఉంటే అక్కడ చేరొచ్చు. ఎవరూ ఎప్పుడూ ఆపలేదంటే ఇంకో నాలుగు మాటలు అడగాలి. ఆపినవాడు కనిపించడం లేదంటే ఇక అడగాల్సిందేమీ లేదు.

ఫ్యాక్టరీ పక్క ఊళ్లో ఉండేవాళ్లకూ అడిగే హక్కుంది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం పెద్ద ముప్పున్న ఫ్యాక్టరీలు గేటు లోపలి అత్యవసర ప్రణాళిక తయారుచేయాలి. గేటు బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. సైరన్‌ మోగితే ఎటు పరుగెత్తాలో, గాలి ఎటు వీస్తోందో ఎలా చూడాలో ఊరివాళ్లకు ముందే తెలిసి ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేముంది!

మేడ మీద వచ్చే సమీక్షా సమావేశంలో టన్నుల లెక్క తర్వాత ఒక్క వరస కొత్తగా చేర్చడానికి ఖర్చేమీ కాదు. ‘ఈ నెల ఎన్నిసార్లు ఆపారు? ఆపినవాళ్ల పేర్లేంటి? వాళ్లకు థ్యాంక్స్‌ ఎవరు చెప్పారు?’ ఆ వరసలో పేర్లు కనిపించడం మొదలైతే, ఊరి బయట రియాక్టర్‌ పక్కన రాత్రి రెండు గంటలకు నిలబడ్డ కుర్రాడి చెయ్యి స్విచ్‌ వైపు వెళ్లడానికి వణకదు.